నా నడుముకు కట్టిన తాడు సంగతి

ఫిలింనగర్,
ఆదివారం మధ్యాహ్నం.

ప్రియమైన అమ్మకు, నీ కొడుకు ఏలియా వందనాలు చెప్పి రాసుకునేది. ప్రభువు దయవల్ల నేనిక్కడ కులాసాగా ఉన్నాను. నువ్వు, నాన్న, అక్క బాగున్నారని తలుస్తాను. నాన్నకి దగ్గు తగ్గిందా? అక్కా, ఈ ఉత్తరం అమ్మకి పొయ్యి దగ్గర పని అయ్యాక కూర్చోబెట్టి చదువు. మధ్యలో లేచి వెళితే ఆగు. ఈసారి కొంచెం పెద్ద ఉత్తరం.

అమ్మా, ముందే చెబుతున్నాను, నాకు ఏ దెబ్బా తగల్లేదు. కంగారు పడకు. ఇక్కడి చర్చి అయ్యగారు నా మీద కోపం వచ్చినప్పుడు మన ఊరి అయ్యగారికి ఉత్తరం రాస్తానన్నారు. రాశారో లేదో నాకు తెలీదు. ఎవరో చెప్పేలోపు నా మాటగా నువ్వే వినాలని రాస్తున్నాను.

ఇక్కడ వానలు మొదలయ్యాయి. కొండ మీద బండలు పగలగొట్టి ఇళ్ళు కడుతున్నారు, రోజంతా ఆ మోతే. జూబ్లీ హిల్స్‌లో ఒక్కో ఇంటి గేటు మన చర్చి కంటే ఎత్తుంటుంది. తిండికి లోటు లేదు, గోంగూర పచ్చడి మాత్రం గుర్తొస్తుంది. రాత్రి పడుకునేటప్పుడు కాసేపు మీరందరూ గుర్తొస్తారు. పొద్దున పనిలోకి వెళితే మర్చిపోతాను. బెంగ పెట్టుకోకు.

సినిమా సెట్లు వేసే పని అని ముందు రాశాను కదా. మా మేస్త్రి పేరు యాదగిరి. ఈ ఊరివాడే, షేక్‌పేటలో ఇల్లు. ఆయన దేవుణ్ణి నమ్మడు. ఏ దేవుణ్ణీ నమ్మడు. "దేవుడి పేరు పెట్టుకుని దేవుడు లేడంటావేంది అన్నా" అని పనివాళ్ళు ఏడిపిస్తే, "పేరు మా అవ్వ పెట్టింది, నన్ను అడిగిందా ఏంది?" అంటాడు.

సినిమా వాళ్ళు ఏ పని మొదలుపెట్టినా పూజ చేసి కొబ్బరికాయ కొడతారు. నేను వచ్చిన మొదటి వారమే ఒక పూజ జరిగింది. అందరూ ముందుకెళ్ళారు. నేను చెక్కల గుట్ట పక్కన నిలబడిపోయాను. చూస్తే మేస్త్రి కూడా అక్కడే ఉన్నాడు.

"నువ్వెందుకు ఆగినవ్‌రా?" అన్నాడు.

"మేం క్రిస్టియన్లం అండి."

"నేను ఏదీ కాదు. దా, అందాక మేకులన్న ఏరుదాం."

అట్లా ఆయన దగ్గర పని నేర్చుకోవడం మొదలైంది. ఇప్పుడు చెక్క కోస్తే గీత తప్పదు నాకు.

రెండు నెలల క్రితం మేం ఒక చర్చి సెట్టు వేశాం. ముందు గోడ మాత్రమే చర్చి, వెనక అన్నీ సరుగుడు కర్రలే. అయినా దారిన పోయే ముసలమ్మ ఒకామె చెప్పులు విప్పి దణ్ణం పెట్టుకుంది. శిఖరం ముప్పై అడుగులు. దాని మీద శిలువ బిగించే పని నాకిచ్చారు. తెల్లారుజామున అకాల వాన పడి కర్రలన్నీ తడిసి ఉన్నాయి. మేస్త్రి నా నడుముకు తాడు కడుతుంటే మేనేజరు గారు వచ్చి, "హీరో గారు బయల్దేరారు మేస్త్రీ, తాళ్ళు కట్టుకుంటూ కూర్చుంటే ఎట్లా?" అన్నారు.

"హీరో వస్తే కూసుంటడు సార్. పోరడు వడితే మళ్ల లేస్తడా?" అని మేస్త్రి రెండో ముడి కూడా వేశాడు.

నేను కళ్ళు మూసుకుని ప్రార్థన చేసి ఎక్కాను. మేస్త్రి నవ్వలేదు. కళ్ళు తెరిచేదాకా ఆగి, "అయిందా? ఇగ ఎక్కు" అన్నాడంతే. శిలువ బిగించాను. దిగేటప్పుడు కాలి కింద కర్ర జారింది. కింద పడలేదమ్మా. తాడుకు వేలాడాను. చంక కింద కొంచెం గీసుకుంది, అది మానిపోయింది.

ఆ ఆదివారం చర్చిలో సాక్ష్యం చెప్పాను. ఇక్కడ చర్చి అంటే ఒక కిరాయి గది. నాకు నలుగురిలో మాట రాదని నీకు తెలుసు. "జారి పడబోతే ప్రభువు కాపాడాడు" అని చెప్పి కూర్చున్నాను. తాడు సంగతి చెప్పలేదు. దేవుడు లేడనేవాడు కట్టాడని అక్కడ చెప్పడానికి నాకు నోరు రాలేదు. అందరూ స్తోత్రం అన్నారు. నాకేమో అన్నం సహించలేదు. సాక్ష్యం అంటే జరిగింది మొత్తం చెప్పడం అని నువ్వు చిన్నప్పుడు నేర్పావు. నేను సగమే చెప్పాను.

తర్వాత నాస్తికులకీ మన వాళ్ళకీ చర్చ పెట్టారు. మనిషి మంచిగా బతకడానికి దేవుడు కావాలా వద్దా అని గోడలన్నిటికీ కాగితాలు అంటించారు. షేక్‌పేట పక్కన మైదానంలో షామియానా, రెండు మైకులు. వాళ్ళ తరఫున ఒక లెక్చరరు గారు, మన తరఫున అయ్యగారు. నన్ను సాక్ష్యానికి రమ్మన్నారు. నాకు ఆ పై నెలలో బాప్తిస్మం ఇస్తామని అప్పటికే మాట ఇచ్చి ఉన్నారు. కాదనలేక వెళ్ళాను. మేస్త్రి కూడా వచ్చి వెనక వరసలో కూర్చున్నాడు.

అయ్యగారు బాగా మాట్లాడారు. చివరికి, "దేవుడి భయం లేనివాడి చేతిలో మీ ప్రాణం పెడతారా? ఎవరైనా పెడతారా?" అని జనాన్ని అడిగి, నన్ను పిలిచి మైకు ఇచ్చారు.

అమ్మా, మళ్ళీ ఆ శిఖరం ఎక్కమన్నా ఇంతకంటే నయం అనిపించింది. నువ్వే ఎదురుగా కూర్చున్నావు అనుకుని మొదలుపెట్టాను. "నేను ప్రార్థన చేసుకుని ఎక్కాను. నా నడుముకి తాడు మా మేస్త్రి కట్టాడు. ఆయనకి దేవుడి భయం లేదు. నా ప్రాణం ఆయన చేతిలో రోజూ పెడుతున్నాను. చర్చిలో ఈ మాట దాచాను, అది నా తప్పు" అన్నాను.

అటువైపు వాళ్ళు ఈలలు వేశారు. లెక్చరరు గారు లేచి, "విన్నారా? కాపాడింది తాడు. ప్రార్థన పిరికితనం" అన్నారు.

నేను మైకు ఇంకా వదల్లేదు. "ప్రార్థన చేయకపోతే నేను ఎక్కేవాణ్ణే కాదండి. అది కూడా జరిగిందే" అన్నాను.

ఆయన నవ్వారు. అప్పుడు వెనక నుంచి మేస్త్రి లేచాడు. "సార్, గీ పోరడు తడి కర్రల మీద ముప్పై అడుగులు ఎక్కిండు. నేను మీ దిక్కే సార్, కని వాణ్ణి పిరికోడు అనకుర్రి. నేను తాడు కట్టింది మీ మీటింగుల చెప్పుకునేటందుకు కాదు" అన్నాడు.

మన వాళ్ళు నాతో మాట్లాడకుండా లేచి వెళ్ళిపోయారు. అయ్యగారు "నీ బాప్తిస్మం సంగతి తర్వాత చూద్దాం. మీ ఊరికి ఉత్తరం రాస్తాను" అన్నారు. నువ్వు ఎన్నాళ్ళనుంచి ఎదురుచూస్తున్నావో తలుచుకుని ఆ రోజు ఏడ్చాను. కానీ ఆకలి వేసింది. అన్నం తిన్నాను.

మూడు వారాలు చర్చిలో వెనక కూర్చున్నాను. పోయిన ఆదివారం అయ్యగారు సాక్ష్యాల సమయంలో నన్ను ముందుకు పిలిచారు. "ఇక్కడ సగం చెప్పావు, మిగతా సగం కూడా ఇక్కడే చెప్పు" అన్నారు. ఈసారి మొత్తం చెప్పాను. అది విని ఆయన, "నేను మైకులో వేసిన ప్రశ్న తప్పు. జవాబు కుర్రాడు చెప్పాడు" అన్నారు. అందరి ముందే అన్నారమ్మా. మా అయ్యగారు అట్లాంటి మనిషి అని నీకు చెప్పాలని ఉంది.

నాకు బాప్తిస్మం ఇస్తామని మళ్ళీ మాట ఇచ్చారు. నీకు కాలవలో ఇచ్చారు. ఇక్కడ కాలవ లేదు, ట్యాంకరు నీళ్ళే. తొట్టి చేయించాలి. అయ్యగారు స్వయంగా సెట్టు దగ్గరికొచ్చి మేస్త్రిని అడిగారు. మేస్త్రి గడ్డం గోక్కుని, "ప్రార్థన మీది, మేకులు నావి. నీళ్లు కారితే నా ఇజ్జత్ పోతది, మధ్యల ఎవ్వరు చెయ్యి పెట్టొద్దు" అన్నాడు. అయ్యగారు నవ్వేశారు. చెక్కలు నేనే కోస్తున్నాను. నా బాప్తిస్మం తొట్టి నేనే చేసుకుంటున్నాను.

వచ్చే నెల మొదటి ఆదివారం అన్నారు. నాన్న తెల్ల చొక్కా, వీలైతే కొంచెం గోంగూర పచ్చడి ఎవరైనా ఇటు వస్తుంటే పంపు. పచ్చడి మేస్త్రికి కూడా పెడతాను. నువ్వు రాగలిగితే ఇంకేమీ వద్దు.

నిన్న మేస్త్రి, "నీళ్లు ఎందాక ఉండాలెరా?" అని అడిగాడు. నడుము దాకా అన్నాను. కొలత టేపు దొరకలేదు. మూల ఉన్న తాడు తెచ్చి, ఒక కొస నా కాలి దగ్గర తొక్కి పట్టి, నడుము దాకా లాగి ముడి వేశాడు. అది ఆ తాడే అమ్మా.

పెద్దలందరికీ వందనాలు చెప్పు, చిన్నవాళ్ళకి ముద్దులు. నీ ప్రార్థనలో నన్ను తలుచుకో, మేస్త్రిని కూడా తలుచుకో. ఆయనకి నేను చెప్పనులే.

నీ కొడుకు,
ఏలియా