నేను మీ అమ్మను కాను

2024 జూన్ 9, ఆదివారం

పెళ్లయిన పద్నాలుగేళ్లకి, వీడియో కాల్‌లో, ఒక పరాయి మనిషి ముందు నా మొగుడు ఫణీంద్ర ఆ మాట అన్నాడు. "విద్య మా అమ్మలాగ అయిపోనాదండి. అమ్మని ఎలాగ ముట్టుకోగల్ను?"

కౌన్సెలర్ రష్మిత తలూపి ఏదో రాసుకుంది. నేను స్క్రీన్ మూలన ఉన్న నా మొహాన్నే చూస్తూ కూర్చున్నాను. మూడేళ్లుగా మా మధ్య ఏమీ లేదు. లోపం నా ఒంట్లో ఉందేమోనని గోల్‌బజార్ దగ్గర జిమ్‌లో చేరాను. రెండు నెలల్లో సన్నబడ్డానని ట్రైనర్ దీదీ మెచ్చుకుంది. ఇంట్లో ఎవరూ చూడలేదు. కారణం ఇదట.

జూన్ 10

నన్ను అమ్మను చేసిందెవరు? గూడ్స్ బండి డ్యూటీ మీద టాటానగర్ వెళ్లే ప్రతిసారీ బ్యాగు సర్దమన్నదెవరు? బీపీ మాత్ర చేతిలో పెడితే తప్ప వేసుకోనిదెవరు? స్కూల్లో నలభై మంది పిల్లలకి లెక్కలు చెప్పి వస్తే, ఇంట్లో నలభై ఒకటోవాడు సాక్సులెక్కడ అంటాడు.

ఇంక బ్యాగు సర్దను. నా పరుపు ముందు గదిలోకి మార్చేశాను.

జూన్ 12

మాత్రలు మరిచిపోయి డ్యూటీకి వెళ్లాడు. గంటసేపు స్థిమితం లేదు. ఫోన్ మాత్రం చేయలేదు.

జూన్ 15

సైకిలేసుకుని, ట్రాఫిక్ అని పిలిచే రైల్వే కాలనీలో ఉన్న అత్తయ్య ఇంటికి వెళ్లాను. కొడుకుని ఇలా పెంచారేమని నిలదీద్దామనే వెళ్లాను. బాలాంబ అత్తయ్య చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ అంతా విన్నది. తలెత్తకుండానే చెప్పింది. "ఈడు పుట్టినాక మీ మావ కూడా అదే మాటన్నాడే. తల్లివయిపోనావు, ఇంక నీకవన్నీ ఏటని. నాకప్పుడు ఇరవై మూడేళ్లు."

ఆ తర్వాత ఆవిడకి మిగిలింది కొడుకే. వాడి అన్నం, వాడి చదువు, వాడి జ్వరాలు. ఆడదంటే పెట్టేదే కానీ అడిగేది కాదని వాడికి అక్కడే తెలిసింది.

నా కోపం ఆవిడ మీద నిలవలేదు. ఎప్పుడో పోయిన మామగారిని దారంతా తిట్టుకుంటూ వచ్చాను.

జూన్ 16

రష్మిత ఈసారి నన్నడిగింది, అతనికి మీ అవసరం లేకపోతే మీకెలా ఉంటుందని. ఎంత ధైర్యం. కాల్ కట్ చేశాను.

జూన్ 16, సాయంత్రం ఆరు

భయంగా ఉంటుంది.

మొదటి ఏడాది అతను నావైపు చూస్తే ఒళ్లు ఝల్లుమనేది. అంతగా కావాల్సిన మనిషి వెళ్లిపోతే ఏం చేయాలి? నాన్న మమ్మల్ని వదిలి వెళ్లినప్పుడు నాకు తొమ్మిదేళ్లు. తన మాత్ర తను వేసుకోలేని మగాడు ఎక్కడికీ పోడు. అతన్ని అలా కొంత నేనే చేశాను. ఈ ఒక్క వాక్యం రాయడానికి అరగంట పట్టింది.

అయినా ముట్టుకోలేనన్నది అతను. ఆ తప్పు నేను మోయను.

జూన్ 19

డ్యూటీ దిగి వచ్చి యూనిఫాం తనే ఉతుక్కున్నాడు. మెచ్చుకుంటానేమోనని చూశాడు. మెచ్చుకోలేదు. ఎన్నాళ్లీ కోపమని అడిగాడు. నేను మీ అమ్మను కానని చెప్పాను. నాకు ముప్పై తొమ్మిదేళ్లని, నాకు మీరు కావాలని చెప్పాను. ఈ మాట నోరు తెరిచి ఎప్పుడూ అనలేదు.

తడి చేతులతో అలాగే నిలబడిపోయాడు. "నువ్వలాగ అడిగితే భయమేస్తంది, విద్యా."

వాళ్లమ్మంటే అతనికి ఎప్పుడూ భయం లేదు. నేనంటే భయపడ్డాడు. ఇన్నేళ్లకి నన్ను చూశాడు.

జూన్ 23, మధ్యాహ్నం

ముందు గది తలుపు తట్టాడు. ఏం కావాలన్నాను. "ఏటీ ఒద్దు. లోపలికి రావొచ్చా?" అన్నాడు.

కోపం అలాగే ఉంది. తలుపు తీశాను.