బిళ్ళ నంబరు నూట పన్నెండు

చోవా చూ కాంగ్, సింగపూర్
23 ఆగస్టు 1999

మా పెద్దరత్నానికి,

చిన్నరత్నం దండాలు. ఇక్కడ నేనూ, నాతో ఫ్లాట్‌లో ఉంటున్న ఇద్దరు ఆడపిల్లలూ, కిటికీలో నేను పెంచుతున్న కరివేపాకు మొక్కా బాగున్నాం. అనకాపల్లిలో నువ్వూ, బావగారూ, నీ కుట్టుమిషనూ కులాసాగా ఉన్నారని తలుస్తాను.

అన్నం తింటున్నావా అని ఒకే ఉత్తరంలో మూడుసార్లు అడిగావు. తింటున్నానే తల్లీ, మూడు పూటలా తింటున్నాను. ఈ డిసెంబరు దాటగానే కంప్యూటర్లన్నీ ఆగిపోతాయట, నీ ఉద్యోగం ఉంటుందా అని కూడా అడిగావు. ఆ భయం పుణ్యమా అనే మనవాళ్ళలో సగం మందికి ఇక్కడ ఉద్యోగాలు దొరికాయి. నా ఉద్యోగానికి ప్రమాదం వచ్చిన మాట నిజమే కానీ, దానివల్ల కాదు. అది చివర్లో చెబుతాను. ముందే చెబితే మిగతా ఉత్తరం చదవవు, నీ సంగతి నాకు తెలియదా!

అసలు నువ్వు చేసే పనేమిటో తెలుగులో చెప్పవే అన్నావు కదా, విను. నూరేళ్ళ క్రితం మన తీరం నుంచి సర్కారు సాయంతో జనాన్ని ఈ దేశాలకు తెచ్చిన పొగ ఓడలు ఉండేవి. ఆ ఓడల రిజిస్టర్లను ఫొటోలు తీసి మాకిచ్చారు. వాటిలోని పేర్లను కంప్యూటరులోకి ఎక్కించడం మా పని. ఆ జాబితాను పుస్తకంగా అచ్చు వేస్తారు. జీతం కోసం ఒప్పుకున్నాను గానీ, ఇప్పుడా ఓడలు తప్ప వేరే ధ్యాస లేదు.

1889లో కాకినాడలోనూ భీమిలిలోనూ జనాన్ని ఎక్కించుకున్న ఒక ఓడ ఉంది. ఆరువందల పన్నెండు మంది. వాళ్ళందరి బాగోగులూ ఒకే ఒక్క డాక్టరు చేతిలో. ప్రయాణికుల విషయంలో కెప్టెను కూడా ఆయన మాట వినాల్సిందే! పదిమందికో జట్టు, జట్టుకో పెద్ద. ఆడవాళ్ళకు వేరే చోటు, వాళ్ళమీద అజమాయిషీకి ఒక పెద్దావిడ. తెల్లారేసరికి పక్కలన్నీ పైకి తెచ్చి ఎండెయ్యాలి, కింద నేలంతా కడగాలి. ఆ తరువాత బియ్యం, పప్పు, చింతపండు, ఎండుచేప కొలిచి ఇవ్వాలి. ఎవరికి జ్వరం, ఏ బిడ్డ పాలు తాగలేదు, అంతా ఆయన డైరీలో రాసుకున్నాడు. నీ పెళ్ళిలో రెండువందల మందికి భోజనం పెట్టడానికి ఊరంతా తలకిందులయ్యాం గుర్తుందా? ఈయన నడిసముద్రంలో పన్నెండు రోజులు ఆరువందల మందికి పెట్టాడు. ఆఖరి పేజీలో ఏముందో తెలుసా? ఎక్కినవారు 612, పుట్టినవారు ఒకరు, పోయినవారు లేరు, దిగినవారు 613. అది చదివి కుర్చీలోంచి లేచి నిలబడ్డానే. ఎవరికి దండం పెట్టాలో తెలియలేదు.

ఇప్పుడు అసలు సంగతి.

ఈ నెల మొదట్లో అన్నపూర్ణమ్మగారని ఒకావిడ మా ఆఫీసుకు వచ్చింది. డెబ్భై అయిదేళ్ళుంటాయి. పాసిర్ రిస్ అనే పేటలో ఉంటుంది. పుట్టింది ఇక్కడే. మనవరాలు అక్షర చెయ్యి పట్టుకుని తీసుకొచ్చింది. "మకాన్ అయ్యిందా అమ్మాయ్?" అని అడిగింది, భోజనమైందా అని. తరువాత జేబురుమాలు ముడి విప్పి ఒక తగరపు బిళ్ళ బల్లమీద పెట్టింది. ఓడెక్కిన ప్రతి మనిషి మెడలోనూ అలాంటిది కట్టేవారు. దానిమీద 112 అని ఉంది.

"మా నాయనమ్మ చిన్న నూకాలుది. ఆమె, వాళ్ళక్క పెద్ద నూకాలు, ఇద్దరూ కలిసి వచ్చినారు. ఇక్కడ రేవులో దిగినాక అక్కని చెరకు తోటకి పంపేసినారు, మళ్ళీ చూసుకోనే లేదంట. కొంచం చూడమ్మా, ఇద్దరి పేర్లూ బుక్కులో వస్తాయి కదా?"

వెతికితే, ఆ డాక్టరుగారి ఓడ జాబితాలో ఒక్క నూకాలే ఉంది, బిళ్ళ నంబరు 111.

"ఒక్కటే ఉంది లా, అవ్వా. ఇంట్లో మామయ్య చెప్పింది కరెక్టే, అదంతా కథ" అంది అక్షర, ఇక్కడివాళ్ళ అలవాటుగా మాట చివర "లా" తగిలించి.

పెద్దావిడ నా మొహంలోకే చూస్తోంది. "మరి మా నాయనమ్మ రాలేదా? అయితే నేను ఎవరి మనిషిని?"

అక్కా, నేనేమన్నానో రాయడానికి చెయ్యి రావడంలేదు. "కంప్యూటరు తప్పు చెప్పదమ్మా. ఆ బిళ్ళ వేరే ఓడదై ఉంటుంది" అన్నాను. ఆవిడ బిళ్ళని మళ్ళీ ముడేసుకుని, నాకు థాంక్యూ చెప్పి మరీ వెళ్ళింది.

ఆమె లిఫ్టు దాకా వెళ్ళకముందే నాకు తెలిసిపోయింది. గుమాస్తాలు ఒక్కోసారి ఒకే మనిషిని రెండుసార్లు రాసేవారని, పేరు, తండ్రి పేరు, ఊరు, వయసు ఒక్కటైతే రెండోది తీసేసేలా ప్రోగ్రాం రాసింది నేనే. బిళ్ళ నంబర్లు చాలాచోట్ల చెరిగిపోయాయని వాటిని పోల్చలేదు. ఆడవాళ్ళందరికీ గుమాస్తా ఇరవై ఏళ్ళని రాసి పడేశాడు. పెద్ద, చిన్న అని రాయలేదు. ఇద్దరు కూతుళ్ళకూ నూకాలమ్మ పేరే పెట్టుకునే ఇళ్ళు ఉంటాయని వేరేవాళ్ళకు తెలియకపోవచ్చు. నూకరత్నం చెల్లెలు నూకరత్నానికి తెలియదా? నేనే కదే మర్చిపోయింది!

రిజిస్టరు తీసి చూశాను, 111 కిందే 112 ఉంది, అదీ నూకాలే. దిగిన 613 మందిలో నా జాబితాలో 574 మందే ఉన్నారు. సముద్రం ఒక్కరినీ మింగలేదు. ముప్పై తొమ్మిది మందిని నేను మింగేశాను.

ఇక్కడ పనిచెయ్యడానికిచ్చిన పాస్ రద్దు చేస్తారన్న భయంతో తొమ్మిది రోజులు నోరు మెదపలేదు. ఆ భయంలోనే డాక్టరు డైరీ మళ్ళీ తిరగేస్తుంటే మూడో రోజు రాసిన మాటలు కనబడ్డాయి. ఇద్దరు నూకాళ్ళున్నారు, ఒకరికే అన్నం లెక్క అని గుమాస్తా గొడవపడ్డాడట. "పేర్లు వాళ్ళ ఇష్టం. నేను మెడలో బిళ్ళ చూసి పెట్టిస్తాను" అని రాశాడు. నాకు సిగ్గేసింది. లేచి తిన్నగా మా మేనేజరు జనార్ధనరావుగారి గదిలోకి వెళ్ళి అంతా చెప్పేశాను.

"ఫ్రైడే ప్రింటింగ్ పెట్టుకుని ఇప్పుడా చెప్పేది?" అని ఒంటికాలిమీద లేచారు. తరువాత తనే ప్రెస్సుకు ఫోను చేసి, అచ్చు ఆపించారు. అన్ని ఓడలూ మళ్ళీ సరిచూశాను. నా పాస్ పొడిగిస్తారో లేదో వచ్చే నెలలో తేలుతుంది. పంపేస్తే నీ కుట్టుమిషను పక్కన కూర్చుని కాజాలు కుడతాను. అమ్మకు మాత్రం ఇప్పుడే చెప్పకు.

నిన్న ఆదివారం కొత్త జాబితా పట్టుకుని పాసిర్ రిస్ వెళ్ళాను. తప్పు నాదేనని ఆవిడ కాళ్ళు పట్టుకోబోతే తిట్టింది. "ఏడవకు, చదువు" అంది. రేవులో పిలిచినట్టు ఒక్కొక్క పేరూ పిలవమంది. ప్రతి పేరుకీ తనే "వచ్చినారు" అని పలికింది. అక్షర మొదట నవ్వింది. తరువాత అదీ వచ్చి అవ్వ పక్కన కూర్చుంది.

"నూకాలు, బిళ్ళ నూట పదకొండు" అన్నాను.

"వచ్చినారు."

"నూకాలు, బిళ్ళ నూట పన్నెండు."

ఈసారి ఆవిడ సోఫా చెయ్యి పట్టుకుని మెల్లగా లేచి నిలబడింది. ముడి విప్పి బిళ్ళ మెడ దగ్గర పెట్టుకుంది. "వచ్చినాను" అంది.

ఇంట్లో అమ్మ "రత్నం" అని ఒక్కసారి పిలిస్తే మనిద్దరం రెండు గదుల్లోంచీ పలికేవాళ్ళం. ఈ ఉత్తరం అందగానే ఒకసారి గట్టిగా నన్ను పిలు అక్కా.

ఇట్లు,
నువ్వు పలికాక పలికే నీ చెల్లెలు,
చిన్నరత్నం