నాలుగో పాటలో మూలుగు

కార్ఖానా,
మంగళవారం

ప్రియమైన కృపమ్మకు, ఒక కాలు దిండు మీద పెట్టుకొని నీ మేనమామ రిచర్డ్ రాయునది.

కాలు తప్ప మిగతా అంతా క్షేమం. ప్రార్థన కూటానికి మైకు హార్న్ కట్టబోయి నిచ్చెన మీంచి పడ్డ సంగతి నీకు తెలుసు. “దేవుడు నీ నోటికి కట్టాల్సిన కట్టు పొరపాటున కాలికి కట్టిండు” అంటున్నది మీ అమ్మ. అక్క అయింది గనుక పడుతున్న.

నువ్వేమో ఆల్బం బయటికి రాంగనే ఫోన్ బంద్ చేసి, యాప్రాల్ల ఆ మేడ మీద గదిలో తలుపేసుకొని కూసున్నవ్. నెట్‌ల రాసేటోళ్ళ మాటలు నీకు అక్కర్లేదంట. కాగితం మీద రాసే ఓపిక ఉన్నోళ్ళే నిజం చెప్తరంట. సరే తల్లీ. మీ అమ్మ పంపే టిఫిన్ క్యారేజీల పైగిన్నె ఇయ్యాల్టి నుంచి నాది. ఆటో రాజు మన పోస్ట్‌మాన్. పప్పు మరక కనపడితే స్టాంపు అనుకో.

నీ ఆల్బం ‘నీడకు నిద్ర రాదు’ వినడానికి నా మైకుసెట్ల షాపుల నుంచి పెద్ద స్పీకరు బాక్సు తెప్పించి మంచం పక్కన పెట్టిన. ఇగ అభిప్రాయాలు రాసుకో.

మన సంఘ పెద్ద దేవసహాయం గారు కళ్ళు మూసుకొని విన్నడు. నిద్రపోయిండనుకున్న. లేచి, “సమాధుల తోటల భూస్థాపన అయినంక జనం పోయి, కుర్చీలు మడత పెట్టేటప్పుడు ఉంటదే, గట్లున్నది రిచర్డూ” అన్నడు. ఇది మెచ్చుకోలా, తిట్టా అని అడిగిన. “రెండూ” అన్నడు.

మీ అమ్మ రెండో పాట మధ్యల లేచి వంటింట్లకు పోయింది. ఉల్లిగడ్డ లేని కూర వండుకుంట కండ్లు తుడుచుకున్నది. అభిప్రాయం అడిగే ధైర్యం నాకు లేదు.

ఎదురింటి శారదమ్మ గారికి చూపు ఆనదు గాని చెవులు పాము చెవులు. నాలుగో పాట రాంగనే “ఎవరు మూలుగుతున్నరు? పిల్లకు ఒంట్ల బాగలేదా?” అన్నది. “అది సంగీతం అమ్మా” అన్న. “సంగీతం గట్ల మూలగదు” అని మీ అమ్మ చెయ్యి పట్టుకొని ఇంటి దాకా దింపించుకున్నది.

అన్నిటికంటె పెద్ద కబురు. బొంబాయి నుంచి ఆషర్ అనే విమర్శకుడు నీకోసం మన అడ్రసుకు ఉత్తరం రాసిండు. దీంతోనే పెడుతున్న. చదివి గర్వపడు.

ఇట్లు,
నీ ఏకైక అభిమాన సంఘం అధ్యక్షుడు,
రిచర్డ్ మామ

తా.క.: నిన్న మీ ఇంటి ఓనరు నాగజ్యోతికి మున్సిపాలిటీ ఆఫీసరు గొంతుతోని ఫోన్ చేసిన. “మీ ఇల్లు ఒక పక్కకు వంగిందని కంప్లయింటు వచ్చింది, కొలిచేటందుకు వస్తున్నం” అన్న. పాపం, వాకిలి కడిగి, బిస్కెట్లు తెచ్చిపెట్టి, పొద్దూకేదాకా గేటు కాడ నిలబడ్డదంట. రాజు చెప్తుంటే నవ్వి నవ్వి విరిగిన కాలు మళ్ళ గుంజింది.

*

యాప్రాల్,
గురువారం

ప్రియమైన మామయ్యకు,

నీ బొంబాయి విమర్శకుడు నా డ్రమ్స్ గురించి “కాగే నూనెలో తడి మిర్చి వేసినట్టు” అని రాశాడు. బొంబాయి ఏ బస్సు రూటులో ఉంది మామయ్యా, కార్ఖానా దాటాక రెండో స్టాపా? ఇంకోసారి ఎవరి పేరుతోనైనా రాస్తే క్యారేజీ తెరవకుండా వెనక్కి పంపుతా.

ఆ ఫోన్ సంగతి మాత్రం నవ్వులాట కాదు. నాగజ్యోతి ఆంటీ ఒంటరి మనిషి. ఆయన పోయాక ఆమెకు మిగిలింది ఈ ఇల్లొక్కటే. నువ్వే చేశావని రాజు నోరు జారాడు. “మీ మామ దినం చేసుకుంటున్నా అని కబురు పెట్టినా నేను నమ్మను” అంది. అనాల్సిందే.

దేవసహాయం అంకుల్ మాటను కాగితం మీద రాసి గోడకు అంటించాను. నేను చేయాలనుకున్నది సరిగ్గా అదే. అమ్మ గురించి రాసింది రెండుసార్లు చదివాను. రెండో పాట పోయిన నాన్న మీదని ఆమెకు తెలిసిపోయినట్టుంది.

శారదమ్మ గారు విన్న మూలుగు ఏంటో చెప్తా విను. అది వాయిద్యం కాదు, ఈ గది. పక్క స్థలంలో అపార్టుమెంటు సెల్లారు కోసం పెద్ద గొయ్యి తవ్వుతున్నారు. బండ పగలగొట్టే మిషను ఆగాక, మా గోడ లోపల్నుంచి సన్నగా, దీర్ఘంగా ఒక చప్పుడు వస్తుంది. ముసలివాళ్ళు పక్క మీద తిరిగినట్టు. మొదట చిరాకు పడ్డాను. తర్వాత దాని శ్రుతికే గిటారు సర్దుకున్నా. ఆల్బం విన్న వాళ్ళందరూ మెచ్చుకుంటున్నది దాన్నే అని నా స్నేహితురాలు రజిత కాగితం రాసి పంపింది. ఇప్పుడు రెండో భాగం మొత్తం ఆ గోడతోనే కలిసి పాడుతున్నా. అయ్యేదాకా గది దాటను.

నీ మీద కోపంగా, నీ కాలు మీద ప్రేమగా,
కృప

*

కార్ఖానా,
శనివారం

ప్రియమైన కృపమ్మకు,

తిట్లు చేరినయ్. ఉప్పు తక్కువైంది, మీ అమ్మ దగ్గర ఇంకొంచెం నేర్చుకో.

నీ ఉత్తరం శారదమ్మ గారికి చదివి వినిపించిన. “గోడ మూలుగు” అన్న కాడ ఆమె చేతిల చాయ్ గ్లాసు కింద పెట్టేసింది. మళ్ళ పాటలు పెట్టుమన్నది. నాలుగోది, ఆరోది, చివరిది. ఆ బాక్సు పెండ్లి బరాత్‌ల కిటికీ అద్దాలు అదిరిచ్చేది, దాంట్ల ఏదీ దాగదు. నాలుగో పాటల ఆ చప్పుడు నీ గొంతు వెనక ఉన్నది. ఆరో పాటల నీ పక్కకు వచ్చింది. చివరి పాటల నువ్వే దాని వెనక ఉన్నవ్. నేను వరసగా ఎన్నడూ వినలేదు గనుక తెలవలేదు. నీకు తెలవలేదా? పాటలు చేసిన వరసలనే పెట్టినవా? అట్లయితే ఆ చప్పుడు దినదినం పెరుగుతున్నట్టే.

అప్పుడు ఆమె చెప్పింది. మోండా మార్కెట్ వెనక వాళ్ళ అత్తగారిల్లు ఉండేదంట. పక్కింటోళ్ళు గోడ కూల్చి పునాది తవ్వినంక వీళ్ళింట్ల దూలం గిట్లనే మూలిగిందంట. ఇల్లు అలవాటు పడుతున్నదిలే అనుకున్నరు. ఒకనాడు పొద్దున చప్పుడు ఆగిపోయింది. “‘హమ్మయ్య, సర్దుకున్నది’ అని మా అత్త పాయసం పెట్టింది బాబూ” అన్నది. ఆనాడు మధ్యాహ్నమే కూలింది. వాళ్ళ ఆడబిడ్డ లోపల బట్టలు మడత పెడుతున్నదంట.

ఆ ముసలామె చెప్పుడు కాంగనే నేను మంచం పక్క గోడను తట్టి చూసిన. నా జన్మల అది మొదటిసారి.

గోడల పగుళ్ళు ఉన్నయా? తలుపులు సరిగ్గ పడుతున్నయా? జెర చూసి రాయి. లేకపోతే నీ ఆల్బం మూడో భాగం దేవసహాయం గారు కుర్చీలు మడత పెట్టుకుంట వినాల్సొస్తది.

ఇట్లు,
పరేషాన్ల ఉన్న మామ,
రిచర్డ్

*

యాప్రాల్,
ఆదివారం

ప్రియమైన మామయ్యకు,

కథ బాగుంది. పాయసం దగ్గర నిజంగా ఒళ్ళు జలదరించింది. ఈసారి మున్సిపాలిటీ ఆఫీసరును పక్కన పెట్టి శారదమ్మ గారిని తెచ్చావన్నమాట. ఇల్లు వంగిందని ఆంటీకి ఫోన్ చేసిన వారానికే ఇల్లు కూలుతుందని నాకు ఉత్తరం! నేను గది ఖాళీ చేసి, ఆంటీ ముందు మూటతో నిలబడి, రాజు కడుపు పట్టుకొని నవ్వాలి. అంతేనా?

నీ ప్రశ్నలకు జవాబు. బాత్రూం తలుపు పడటం లేదు, వానకు చెక్క ఉబ్బింది, చెప్పు అడ్డం పెడుతున్నా. పగుళ్ళు కిటికీ మూల నుంచి ఒకటి ఉంది. మొదట గోరు పట్టేది, ఇప్పుడు వేలు పడుతుంది. దాంట్లోనే చిన్న మైకు గుచ్చి రికార్డు చేస్తున్నా. మామయ్యా, ఏం శబ్దం అనుకున్నావు! కప్పు మీద వాన పడుతుంటే అది లోపల్నుంచి జవాబిస్తుంది. ఇట్లాంటిది మళ్ళీ దొరకదు. భయపెట్టి పాడు చేయకు.

అమ్మకు చెప్పకు, ఊరికే కంగారు పడుతుంది.

ఇట్లు,
మోసపోని మేనకోడలు,
కృప

*

కార్ఖానా,
సోమవారం

ఓ పొగరుబోతు కృపమ్మా,

వేలు పడుతున్నదా! పగుల్ల మైకు పెట్టినవా! పాము పుట్టల చెయ్యి పెట్టి మెత్తగున్నది అనేటోళ్ళని నేను ఇప్పటిదాకా చూడలేదు, మన ఇంట్లనే పుట్టిండ్రు.

మీ అమ్మకు చెప్పేసిన. మొదలు ఆమె సుత నా మొహం చూసి “మళ్ళ షురూ చేసినవా?” అన్నది. నీ ఉత్తరం చేతికిచ్చినంక ఏడ్చింది. సాయంత్రం స్కూలు నుంచి నేరుగా నీ దగ్గరికే వస్తదంట.

నాగజ్యోతికి ఫోన్ చేసిన. “అమ్మా, నేను రిచర్డును, జెర వినుండ్రి, మీ గోడ…” అన్న. “ఈసారి ఏ ఆఫీసు?” అని పెట్టేసింది. మళ్ళ చేస్తే ఎత్తలేదు. దేవసహాయం గారిని బతిమాలి పంపిన. పాపం, తెల్లచొక్కా వేసుకొని, బైబిలు సంకల పెట్టుకొని పోయిండు. “బిస్కెట్లు అయిపోయినయ్, వేరే ఇల్లు చూసుకో” అని గేటు తియ్యలేదంట. నీ పేరు పిలిస్తే నువ్వు చెవులకు ఏదో తగిలించుకొని పాడుతున్నవంట. వినపడలేదు నీకు.

నా కాలికి కట్టు ఉండబట్టి గాని, లేకుంటె నిన్ను ఆ గిటారుతోనే కట్టి తెచ్చెటోణ్ణి. ఒక్క దినం వచ్చి పో. నేను అబద్ధమాడితే నా మీసం నువ్వే గీకు. ఫోటో తీసి నెట్‌ల పెట్టు. అభిప్రాయాలు కాగితం మీద అడుగు.

ఇట్లు,
మీసం పందెం పెట్టిన మామ

*

యాప్రాల్,
మంగళవారం

మామయ్యా,

నిన్న అమ్మ వచ్చి ఏడ్చి వెళ్ళింది. శుక్రవారం వస్తానని మాటిచ్చి పంపాను. ఆమెను ఇట్లా ఏడిపించినందుకు నీతో మాట్లాడను.

నీకు సంతోషం కలిగే కబురు ఒకటి. పొద్దున లేచేసరికి ఆ చప్పుడు లేదు. మిషను ఆగినా లేదు. గోడకు చెవి ఆనించి కూర్చున్నా, ఏమీ లేదు. ఇంకా రెండు పాటలు మిగిలి ఉన్నాయి. ఏం చేయాలో తోచట్లేదు. మళ్ళీ వస్తుందేమోనని మైకు పెట్టి ఎదురుచూస్తున్నా.

క్యారేజీ అట్లాగే వెనక్కి పంపుతున్నా. అన్నం తినబుద్ధి కాలేదు.

కృప

*

కార్ఖానా,
మంగళవారం

కృపా,

నీ చీటీ ఇప్పుడే చదివిన. చప్పుడు ఆగిందన్నవ్.

శారదమ్మ గారు చెప్పింది నేను కల్పించలేదు. అక్క ఇంకా స్కూలు నుంచి రాలేదు. రాజును మళ్ళ పంపుతున్న. గిటారు వదిలెయ్. మైకు వదిలెయ్. ఫోన్ వెతకకు. నాగజ్యోతమ్మను చెయ్యి పట్టుకొని బయటికి తీసుకురా. నన్ను ఎంతైనా తిట్టుమను.

నాకు భయమైతున్నది.

రిచర్డ్

*

అల్వాల్,
శుక్రవారం

ప్రియమైన మామయ్యకు,

బతికే ఉన్నామని రాజూ, అమ్మా చెప్పారు గదా. ఎట్లా బతికామో నువ్వు నా నోటి నుంచి వినాలి. ఫోన్ ఆ ఇటుకల కింద ఉంది. నువ్వు మంచం దిగలేవు, ఆంటీ నా చెయ్యి వదలట్లేదు. అందుకే మళ్ళీ కాగితమే. ఇది ఆంటీ వాళ్ళ తమ్ముడి ఇల్లు.

రాజు మెట్లెక్కి కాగితం ఇచ్చినప్పుడు, చదవకుండా పక్కన పెడదామనుకున్నా. వాడు నవ్వట్లేదు. అందుకని విప్పాను. ఒకసారి చదివాను. మళ్ళీ చదివాను. జోకు ఎక్కడుందా అని వెతికాను మామయ్యా. నాకు అక్షరాలు వచ్చినప్పటి నుంచి నువ్వు రాసిన పుట్టినరోజు కార్డుల్లో, నాన్న పోయినప్పుడు రాసిన ఉత్తరంలో కూడా ఎక్కడో ఒకచోట ఒక వెటకారం ఉండేది. దీంట్లో లేదు. “ఇట్లు” కూడా లేదు.

కిందికి పరిగెత్తి ఆంటీ చేతిలో పెట్టాను. “మళ్ళీ మీ మామేనా?” అంది. చదివింది. కాగితం వెనక్కి తిప్పి చూసింది. అక్కడా ఏమీ లేదు. “ఇదేందే, ఈయన ఇట్ల రాసిండేందే?” అని స్టవ్ కట్టేసి, చెప్పులు కూడా వేసుకోకుండా లేచింది. గేటు దగ్గర పోయిన భర్త ఫోటో గుర్తొచ్చి వెనక్కి తిరిగింది. నువ్వు రాసినట్టే చెయ్యి పట్టుకొని లాగాను. నన్ను కొట్టింది. అయినా లాగాను. గొయ్యిలో పనిచేసేవాళ్ళని రాజు కేకలేసి పైకి రప్పించాడు.

ఆటోలో కూర్చున్నాక ఆంటీ “ఏం కాలే గదా” అంది. అప్పుడు ఆ మూలుగు మొదలైంది. నాలుగో పాట, చివరి పాట, నేను ఇంకా చేయని పాట, అన్నీ ఒకేసారి. నా గది కిటికీ ముందు కిందికి వంగింది, తర్వాత ఇల్లే లేదు. దుమ్ము ఆటో దాకా వచ్చింది. ఆంటీ నా ఆల్బం ఎప్పుడూ వినలేదు. దుమ్ములో నా చెవి దగ్గర “రోజూ మేడ మీద నుంచి వినపడేది ఇదేనానే?” అంది. అదే అన్నాను. నా పాటల మీద ఇంక ఎవరి అభిప్రాయమూ నాకు అక్కర్లేదు.

ఈ ఇల్లు కొత్తది. గోడలు చప్పుడు చేయవు. చేయట్లేదు గనుకే నాకు కుదురు లేదు. ఆంటీ పక్కకు తిరిగినప్పుడల్లా గోడకు చెవి ఆనిస్తున్నా. ఆమె కళ్ళు తెరిచి నన్నే చూస్తుంది.

శారదమ్మ గారి కాళ్ళు నా బదులు నువ్వు పట్టుకో.

రాజు కింద హారన్ కొడుతున్నాడు. ఒక్క పని చెయ్యి మామయ్యా. ఈ ఉత్తరం చేరగానే నా మీద, నా గిటారు మీద, ఆంటీ బిస్కెట్ల మీద, దేని మీదనైనా సరే, ఒక పాడు జోకు రాసి పైగిన్నెలో పెట్టు. ఆంటీ కూడా అడుగుతోంది. అది వచ్చేదాకా మాకు ఏ గోడ మీదా నమ్మకం లేదు.

నీ కోసం క్యారేజీ తెరిచి కూర్చున్న,
కృప