రెండో గ్లాసు నీళ్ళు

శ్రీవారికి,

అక్క ఇంటినుంచి మీ ఆవిడ రాస్తున్నది. ఎదురుగా అంటే పోట్లాటవుతుందని కాగితం మీద పెడుతున్నాను.

నాకు అసూయగా ఉంది. ఆ ఎర్ర సంచీ ఆవిడంటే. మొన్న మీకు క్యారేజీ ఇద్దామని ఆసుపత్రికొస్తే మీ గది తలుపు ఓరగా ఉంది. ల్యాబులో పెంచిన పిండాలు ఎదగలేదని ఆవిడకు చెప్పాలి మీరు. ముందు ఆవిణ్ణి కుర్చీలో కూర్చోబెట్టి, మీరూ కూర్చున్నారు. ఆవిడ చేతికి నీళ్ళ గ్లాసిచ్చారు. "కబురు మంచిది కాదమ్మా. మీ తప్పేం లేదు. ఏడుపొస్తే ఏడవండి, నాకేం తొందర లేదు" అన్నారు. తొందర లేదట! పిల్లల కోసం వైద్యానికొచ్చే వాళ్ళకి చేదు కబురు ఎలా చెప్పాలన్నదేగా మీ పరిశోధనంతా!

మరి మన పిండాల సంగతి నాకెలా చెప్పారు? వంటింటి గుమ్మంలో నిలబడి, జేబులు తడుముకుంటూ, "రెండూ ఆగిపోయాయి. తాళాలు చూశావా?" అన్నారు. నేను వెతికిచ్చాను కూడా! ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీల మోత. కడుపు మండదూ? ఆవిడ వెక్కివెక్కి ఏడుస్తుంటే నాకు జాలి కలగలేదండీ. ఆ కుర్చీ నాకెందుకు దక్కలేదనిపించింది. ఛీ, అంత దిగజారాను.

ఈసారి వైద్యం వేరే ఆసుపత్రిలో చేయించుకుంటాను. అక్కడ నన్నూ ఎవరో ఒకరు కూర్చోబెట్టి మాట్లాడతారు.

ఇట్లు,
మీ తాళాలు వెతికే మనిషి

*

బుంగమూతికి,

నీ ఉత్తరం కూర్చునే చదివాను.

సొంతవాళ్ళవి చూడొద్దని మా పెద్ద డాక్టరు చెప్పినా వినకుండా, ఆ రోజు మన పిండాలను మైక్రోస్కోపులో నేనే చూశాను. దారి పొడుగునా నీకు చెప్పాల్సిన మాటలు వల్లించుకుంటూ వచ్చాను. గుమ్మంలో నిన్ను చూడగానే ఒక్కటీ నోట రాలేదు. ఎర్ర సంచీ ఆవిడకి నేను డాక్టర్ని. నీ ముందు కూర్చుంటే నేనూ కబురు వినాల్సినవాణ్ణే కదా!

తాళాలు ఫ్రిజ్ మీదే ఉన్నాయని నాకు తెలుసు. నువ్వు అటు తిరిగితే కళ్ళు తుడుచుకోవచ్చని అడిగాను. పిరికివాణ్ణి.

వేరే ఆసుపత్రికే వెళ్దాం. నిన్న పోయి మాట్లాడి వచ్చాను. మంచైనా చెడైనా వాళ్ళే చెబుతారు. నేను నీ పక్క కుర్చీలో ఉంటాను. నీళ్ళు రెండు గ్లాసులు పెట్టమన్నాను.

ఇట్లు,
నీ మొగుడు