ఓడ మీద పెట్టిన వంకలు

హల్, ఇంగ్లండు,
మే నెల, గురువారం.

నోరీన్‌కి,

ఇక్కడ నేనూ పిల్లీ క్షేమం. పిల్లి నాకంటే కాస్త ఎక్కువ క్షేమం, ఎందుకంటే దాన్నెవరూ ఓడ ఎక్కమనడం లేదు. అక్కడ స్పెయిన్‌లో నువ్వూ, మీ అక్క బెరిలూ, ఆవిడకు కొత్తగా వేసిన తుంటి కీలూ కులాసాగా ఉన్నారని తలుస్తాను. ఫోను చేస్తే పోయేదానికి ఈ ఉత్తరాలేమిటని అడిగావు. నేను మాట్లాడుతుంటే బెరిల్ ఆ ఫోనుని పైకి వినపడేలా పెట్టించి పక్కనే కూర్చుంటుందని నా అనుమానం. పోయిన ఆదివారం ఆవిడ వంట గురించి ఒక మాటన్నానా, వెంటనే అటువైపు ఎవరో దగ్గారు. నీ దగ్గు నాకు తెలుసు. అది నీది కాదు.

ఇక నీ ప్రశ్నలు. తింటున్నాను. మూడు పూటలా అని చెప్పను గానీ, మూల మీది వేపుడు చేపల కొట్టువాడు నన్ను చూడగానే బంగాళాదుంప ప్యాటీ, చిప్స్ పొట్లం కట్టేస్తున్నాడు. వంటింటి కుళాయి కారడం ఆగింది. నీ గులాబీలకు నీళ్లు పోస్తున్నాను. ఓడ డబ్బు కట్టావా అన్నదానికీ వస్తాను, తొందరపెట్టకు.

జనవరిలో నువ్వు ఈ నార్వే ఓడకి అడ్వాన్సు కట్టేసి, గది ఎంచి మిగతాది కట్టే పని నా నెత్తిన పెట్టి వెళ్లావు. రేపటితో గడువు సరి. కట్టకపోతే గదీ పోతుంది, అడ్వాన్సూ పోతుంది, నలభయ్యేళ్ల కాపురంలో నువ్వు నోరు తెరిచి అడిగిన ఒకే ఒక్క యాత్రా పోతుంది. నాకు తెలియదనుకోకు. కానీ ముప్పయ్యేళ్లు బస్సు నడిపినవాణ్ణి, ఎవరు ఏ టికెట్టు చూపించినా వెనక్కి తిప్పి చూడకుండా ఉండలేను.

ముందు ఓడ కంపెనీవాళ్ల ఆ రంగుల పుస్తకం సంగతి. ధర పెద్ద అక్షరాల్లో ఉంది, దాని పక్కన చీమ తలకాయంత అక్షరాల్లో 'నుంచి' అని ఉంది. ఎక్కడి దాకా అని మాత్రం లేదు. ఆ ధరకిచ్చే గది ఓడ ముక్కు దగ్గర ఉంటుందిట, అల లేచినప్పుడల్లా మంచం కూడా లేస్తుందిట. ఊగకుండా పడుకోవాలంటే ఓడ నడిమధ్యన, కింది అంతస్తుల్లో తీసుకోవాలి. అది తెలిసినవాళ్లకే తెలుసు, పుస్తకంలో రాయరు. గది ఎంపిక కంపెనీకే వదిలేస్తే ఇంకా తగ్గిస్తారుట. నన్ను ఇంజను పక్కన పడేసి నవ్వుకోవడానికి కాకపోతే ఎందుకు తగ్గిస్తారు?

తర్వాత తాగుడు పద్దు. రోజుకింత అని ముందే కడితే ఎంతైనా తాగవచ్చుట. ఒక గదిలో ఒకరు కడితే రెండోవాళ్లు కూడా కట్టి తీరాలిట. నువ్వు తాగేది క్రిస్మస్‌కి ఒక షెర్రీ. నీ వాటా గిట్టాలంటే నేనే పొద్దున్నించీ మొదలుపెట్టాలి. అక్కర్లేదని కొట్టేయించాను. ఇక రేవుల్లో ఊరు చూపిస్తామని వీళ్లు అడిగేది చూస్తే నాకు ఒళ్లు మండింది. చూపించేది బస్సులో! నాకు బస్సు ఎక్కడం కొత్తా? ఆ నార్వే ఊళ్లలో రేవు గేటు బయటే టౌను బస్సు ఆగుతుందని కనుక్కున్నాను. ఓడవాళ్లు అడిగినదాంట్లో పాతికో వంతు చాలు.

పక్కింటి డెన్నిస్ నీకు తెలుసుగా, ఓడ ప్రయాణాల్లో తలపండినవాడు. గోడ మీద మోచేతులు ఆనించి సలహా ఇచ్చాడు.

"ఒరేయ్ లెన్, ఇప్పుడు కట్టకురా. ఆఖరి వారం దాకా ఆగు. మిగిలిపోయిన గదుల్ని సగం ధరకి తోసేస్తారు. నేనెప్పుడూ అంతే."

"పోయినసారి నీకు ఏ గది తోశారు?"

"నాట్యశాల కింద."

"నిద్రపట్టిందా?"

"ఎక్కడ పట్టిందిరా! కానీ సగం ధర కదా!"

టికెట్ల దుకాణం జీనెట్ ఏమో, "లెన్ గారూ, ధరలు పెరగడమే గానీ తగ్గడం లేదండీ, ఇప్పుడే కట్టేయండి" అంటుంది. ఆవిడకు కమిషన్ కావాలి. వీడికి తనలాగే ఇంకొకడు నిద్ర లేకుండా చావాలి. ఇద్దరి మాటా నమ్మలేదు.

ఇవాళ మూడోసారి ఆ దుకాణానికి వెళ్లాను. గడువు ముంచుకొచ్చేదాకా ఆగితే వాళ్లే దిగొస్తారని నా లెక్క. నడిమధ్య గది కావాలన్నాను. ఇచ్చింది. కిటికీ ఉన్నది, లేనిదాని ధరకి కావాలన్నాను. పైవాళ్లకు ఫోను చేసి ఇప్పించింది. సేవకుల బక్షీసులు ధరలోనే కలపమన్నాను. కలిపింది. అంతదూరం సౌతాంప్టన్ పోయి ఎక్కలేనన్నాను. ఈ ఓడ న్యూకాజిల్ నుంచేనండీ, మీ ఊరి నుంచి రైల్లో పూట ప్రయాణం అంది. అప్పుడు నాకు నిజంగా అనుమానం వచ్చింది. అడిగినవన్నీ ఇచ్చే మనిషి నాకు ఇంతవరకూ తగల్లేదు. అడగడానికి ఇంకేమైనా మిగిలిందా అని వెతుక్కున్నాను నోరీన్, ఒక్కటీ దొరకలేదు. కాగితం నా ముందుకి జరిపింది.

పెన్ను రాయట్లేదన్నాను. ఇంకోటి ఇచ్చింది. అదీ రాయట్లేదన్నాను.

జీనెట్ రెండు పెన్నులూ తీసుకుని తన అరచేతి మీద గీసింది. రెండూ చక్కగా రాశాయి. లోపలికి వెళ్లి ఒక కప్పు టీ తెచ్చి పెట్టి, వాకిట్లో 'మూసి ఉంది' బోర్డు తిప్పింది.

"ఇదెందుకమ్మా, నాకేం జబ్బు చేసిందా?" అన్నాను.

"మీ ఆవిడ చెప్పి వెళ్లిందండీ" అంది. "మా ఆయన వంకలు పెడతాడు, పెట్టనివ్వు, ఏ వంక పెడితే అది తీర్చు. వంకలన్నీ అయిపోయాక కుర్చీ వేసి టీ ఇవ్వు. అంతే, ఇంకేం అడగొద్దు, తొందర పెట్టొద్దు అని."

కంపెనీని అనుమానించాను, జీనెట్‌ని అనుమానించాను, డెన్నిస్‌నీ, మీ అక్క దగ్గునీ అనుమానించాను. నిన్ను తప్ప ఊళ్లో ఎవర్నీ వదల్లేదు. అసలు దొంగవి నువ్వు. అన్ని ఓడలుండగా ఎండకాసే ఊళ్లకు పోయేది వదిలేసి, నార్వే ఉత్తరపు కొస చుట్టి వచ్చే ఓడే ఎందుకు ఏరావో నాకు పటం చూసిన మొదటి రోజే అర్థమై ఉండాల్సింది. అర్థమైంది కూడా. కానట్టు నటించాను.

సరే, చెబుతాను. ఇన్నేళ్లూ నువ్వు అడగలేదు, నేను చెప్పలేదు. నాకు గది గొడవా లేదు, బక్షీసుల గొడవా లేదు. నాకు ఆ నీళ్లంటే భయం. సముద్రపు ఒడ్డుకని బ్రిడ్లింగ్టన్ వెళ్లినప్పుడల్లా గాలి పడదని చెప్పి సముద్రానికి వీపు పెట్టి కూర్చునేవాణ్ణి. నువ్వు నా కుర్చీ పక్కకే నీ కుర్చీ తిప్పుకుని ఎదురుగా ఉన్న కార్లని చూస్తూ ఐస్‌క్రీమ్ తినేదానివి.

మా నాన్న చేపల ఓడ మీద పనివాడని నీకు తెలుసు, ఏ నీళ్ల నుంచి తిరిగి రాలేదో అదీ తెలుసు. మిగతాది తెలియదు. అప్పటికి నాకు ఏడేళ్లు. మన హెస్సెల్ రోడ్డు జాలరి పేటలో ఆడవాళ్లకు పద్ధతులుండేవి. మగవాడు ఓడెక్కే రోజు ఇంట్లో బట్టలు ఉతక్కూడదు, ఉతికితే మనిషి కొట్టుకుపోతాడని. గట్టు దాకా వెళ్లి సాగనంపకూడదు. చెయ్యి ఊపకూడదు. అమ్మ అన్నీ పాటించింది. మురికి బట్టలు బుట్టలో అలాగే ఉంచింది. నాన్న గుమ్మం దిగుతుంటే తలుపు చాటున నా రెండు చేతులూ పట్టుకుని నిలబడింది, ఎక్కడ ఊపుతానో అని. ఓడకి ఓడే ఆ ఉత్తరపు కొసకు అవతల మునిగింది. ఒక్కరూ రాలేదు.

చెప్పినవన్నీ చేసినా ఇలా అయిందంటే ఇక ఎవరి మాట నమ్మాలి? అప్పట్నుంచీ ఎవరు ఏం ఇస్తామన్నా వెనక ఏముందో చూడటం అలవాటైపోయింది. పోయేనాటికి నాన్నకి ముప్పై ఒకటి. నాకిప్పుడు అరవై నాలుగు. ఎదురుపడితే వాళ్ల నాన్న వచ్చాడనుకుంటాడు. ఆయనకు మన ఊళ్లో సమాధి లేదు. ఉన్నది ఆ నీళ్లే, వాటి దగ్గరికి నేను ఒక్కసారైనా పోలేదు. ఇది రాస్తుంటే సిగ్గుగా ఉంది, కానీ ఏడుపు కూడా వస్తోంది, రెంటిలో ఏది ఎక్కువో తెలియట్లేదు.

ఇవన్నీ తలుచుకుంటూ కూర్చునేసరికి దుకాణంలో జీనెట్ ఇచ్చిన టీ చల్లారిపోయింది. తాగేశాను. సంతకం పెట్టాను, డబ్బు మొత్తం కట్టాను. రసీదు రెండుసార్లు చదివాను, దాంట్లో ఏ మోసమూ కనపడలేదు. జీనెట్ నా వాలకం చూసి కళ్లు తుడుచుకుంటూ తలుపు తీసింది. అందులో కొంత కమిషన్ వచ్చిందన్న సంతోషం ఉండే ఉంటుంది, నాకు తెలుసులే.

బెరిల్ నడవగానే బయల్దేరిరా. జూన్‌లో మనం ఎక్కే రోజు ఓడ పైఅంతస్తు అంతా జనం కమ్మీ పట్టుకుని గట్టు మీదివాళ్లకు చేతులు ఊపుతారుట, డెన్నిస్ చెప్పాడు. నువ్వూ ఊపాలని సరదాపడతావేమో. కుదరదు నోరీన్. నీ చేతులు రెండూ ఖాళీగా ఉండవు. నేను పట్టుకుని ఉంటాను.

ఇట్లు,
వంకలన్నీ అయిపోయిన నీ మొగుడు,
లెన్