ఎలుక, పిల్లి, తడి, చాప

మిర్యాలగూడ హాస్టల్ నుంచి

నాయినమ్మకు రజిత దండాలు.

నేను మంచిగున్నా. నువ్వు, గొర్లు మంచిగున్నారనుకుంటున్నా. అమ్మానాయిన కోదాడ పనికి పోయినప్పటి నుంచి నీ దగ్గరే పండుకున్న కదా, ఇక్కడ కొత్తగా ఉంది. అన్నీ ఇంగ్లీషులోనే చెప్తున్నారు. నోరు తెరవాలంటే భయమైతుంది. "నెల చూడు, నచ్చకుంటే ఒక్క మాట రాయి, తోల్కొస్త" అన్నావు. ఇంకా చూస్తున్నా.

ఉమారాణి టీచర్ చివర t వచ్చే చిన్న చిన్న మాటలు నేర్పింది. ఇంటికి రాయమన్నది. రాస్తున్నా:

rat – ఎలుక
cat – పిల్లి
wet – తడి
mat – చాప
hot – వేడి
cut – కోయి

నీ రజిత

తా.క. ఇక్కడ ఫోన్లు ఉండనియ్యరు. అంజన్న మామ ఆటో ఇటు వచ్చినప్పుడు ఉత్తరం ఇచ్చి పంపు. నీకు చదివేది, నువ్వు చెప్తే రాసేది ఆయనే కాబట్టి ఆయనకు కూడా దండాలు.

*

నేరేడుచర్ల కాడి నుంచి తిరుపతమ్మ చెప్పి రాయించేది

బిడ్డా రజితా,

నీ ఉత్తరం ఇని నా పానం ఉసూరుమన్నది. అంజన్నకు ఇంగ్లీషు రాదు, అది ఇడిసిపెట్టి తెలుగుల ఉన్నది చదివిండు. ఎలుక, పిల్లి, తడి, చాప! ఎలుకలు తిరిగే కాడ తడి చాప మీద పండవెడుతున్రా నా బిడ్డను? మీదికెళ్లి వేడి! జరమొచ్చిందా? కోయి అంటే ఏం కోస్తున్రే, జుట్టా? టీచర్ రాయమన్నదంటివి. అంటే నెత్తి మీద నిలవడి రాయించింది. నాకు సమజ్ కాదనుకున్నదా ఆమె?

పిల్లి ఉండి గూడ ఎలుకలు తిరుగుతున్నయంటే అది ఒట్టి సోమరి పిల్లి. మన పిల్లిని సంచిల ఏసి పంపుతున్న. మీ అమ్మ కోదాడ నుంచి తెచ్చిన కొత్త చాప గూడ పంపుతున్న. నువ్వు లేక గొర్లు సుత మేస్తలేవు. ఒక్క మాట రాయి, తోల్కొస్త.

దీవెనలతో,
తిరుపతమ్మ

తా.క. ఇది ఆటోల కూసొని రాస్తున్న. పిల్లి సంచిల నుంచి ఎల్లింది. వెనక సీటు మొత్తం ఖాళీ అయింది. — అంజన్న

*

నాయినమ్మకు దండాలు.

పిల్లి, చాప అందినయి. ఉత్తరం మాత్రం పిల్లి చింపింది, అందుకే ఎందుకు పంపినవో నాకు అర్థం కాలేదు. టీచర్‌కు మాత్రం మస్తు నచ్చింది. "మీ నాయినమ్మకు పాఠం చెప్పడం తెలుసే" అన్నది. పిల్లిని చాప మీద కూర్చోబెట్టి నన్ను లేచి చెప్పమన్నది. "క్యాట్ స్యాట్ ఆన్ ద మ్యాట్" అని గట్టిగా చెప్పిన. అందరూ చప్పట్లు కొట్టిన్రు. నోరు తెరిచిన నాయినమ్మా! ఇగ నాకు భయం లేదు. నేను ఇక్కడే ఉంటా.

ఈ వారం మాటలు:

eat – తిను
not – లేదు
rot – కుళ్లు
hit – కొట్టు
shut – మూయి

నీ రజిత

తా.క. మన పిల్లి వార్డెన్ మేడమ్ గిన్నెలో చేపల కూర తిన్నది. మేడమ్ ఇప్పుడు దాని మొహం కూడా చూస్తలేదు.

*

బిడ్డా రజితా,

తిను, లేదు, కుళ్లు, కొట్టు, మూయి! అంటే తిననీకి లేదు. పెడితే కుళ్లింది పెడుతున్రు. ఇదేందని అడిగితే కొట్టి నోరు మూయిస్తున్రు. పైంగ "ఇక్కడే ఉంటా" అని నీతోనే రాయించిన్రు. నువ్వు గట్లంటవా? నన్నిడిసి ఉంటవా?

నిన్న సూర్యాపేట పోయి కలెక్టర్ ఆఫీసుల అడిగిన. మిర్యాలగూడ మా జిల్లాల రాదమ్మా, నల్లగొండ పోవాలన్నరు. నా బిడ్డ జిల్లా సూసుకొని ఏడ్వాల్నా అని దులిపి వచ్చిన. ఆదివారం నేనే వస్తున్న. గొర్లను పక్కింటి వీరేశానికి అప్పజెప్పిన. బట్టలు సర్దుకో. టీసీ చేతిల పడ్డంకనే కదులుత.

తిరుపతమ్మ

తా.క. అత్త దులుపుతుంటే పక్కన నేనే ఉన్న. ఆఫీసు సారు నన్ను సూసి పాపమని మంచినీళ్లిచ్చిండు. — అంజన్న

*

నాయినమ్మకు దండాలు.

అయ్యో నాయినమ్మా, అవి మాటల అర్థాలు! rat అంటే ఎలుక అని. అంతే. పిల్లి, చాప ఎందుకు పంపినవో ఇప్పుడు అర్థమైంది. ఇక్కడ ఎలుకలు లేవు. మంచం మీదే పండుకుంటున్నా. కడుపునిండా పెడుతున్నారు. నన్ను ఎవరూ కొట్టలేదు.

నన్ను తీసుకపోకు. ఇప్పుడిప్పుడే వస్తున్నది ఇంగ్లీషు. మధ్యలో వస్తే మళ్లా నోరు మూతపడతది. నువ్వు యాదికొస్తవు. అప్పుడప్పుడు ఏడుపు కూడా వస్తది. అయినా ఉంటా. ఇది నాతో ఎవరూ రాయించలేదు. నీ మీద ఒట్టు.

నీ రజిత

తా.క. టీచర్ పక్కనే ఉంది. కానీ ఏం చెప్తలేదు, నవ్వుతున్నది అంతే.

*

బిడ్డా రజితా,

అర్థాలైతే అర్థాలని ముందుగాల చెప్పొద్దా? ఉత్తగ పరేషాన్ చేసినవ్. గీ అంజన్న గూడ ఒక్కనాడన్న "అత్తా, ఇవి అర్థాలేమో" అనలే. సరే, ఉండు. నేను ఉండుమన్నననే ఉండు, మీ టీచర్ చెప్పిందని కాదు. ఆదివారం మాత్రం వస్త. గారెలు తెస్త, టీచర్‌కు గూడ పెట్టు. ఇల్లు ఎట్లున్నదని అడగకు, మంచిగనే ఉన్నది.

దీవెనలతో,
తిరుపతమ్మ

తా.క. రజితా, ఇది అత్తకు తెల్వకుండ రాస్తున్న. నేను ఇంటర్ పాసైనోణ్ణి. అవి అర్థాలని మొదటి ఉత్తరం నాడే చెప్పిన. "మూసుకొని రాయి, నీకు ఇంగ్లీషు రాదని గూడ రాయి" అన్నది. నా పరువు పోతే పోయింది గని, పాపం ఆమె నువ్వు లేక ఉండలేకపోయింది. నిన్ను తోల్కరానీకి ఏదో ఒక సాకు కావాలె. నిన్న చదువుతుంటే "అయినా ఉంటా" అన్న కాడ ఆపింది. మళ్లా చదువుమన్నది. చదివిన. కొంగుతోని కండ్లు తుడుసుకొని గొర్ల కాడికి పోయింది. ఇప్పుడు తొవ్వల కనవడ్డోళ్లందరికీ చెప్తున్నది: "నేను తోల్కొస్తనంటే గూడ రానన్నది నా బిడ్డ! సూసిన్రా దాని ధైర్యం!" — అంజన్న