ఇస్పేటు ఆసు, అయిదు

కార్తీక సోమవారం. మినుములు ఎండబోశాను, దుప్పట్లు ఉతికాను, నీ స్కూటరు తుడిచాను.

బావా, నువ్వు కాలం చేసిన ఏడాదికి ఆ స్కూటరు తనకిమ్మని నీ చెల్లెలు పార్వతి పట్టుబట్టింది. పందేనికి చింతపిక్కలు పెట్టి సాయంత్రందాకా పేకముక్కలతో పోకరాడి, ఎక్కువ పిక్కలు మిగిలినవాళ్లదే బండి అనుకున్నాం. నావి సగమైపోయాయి. అప్పుడు నాకు పడ్డ రెండు ముక్కలు ఇస్పేటు ఆసు, అయిదు; జత కూడా కాదు. పార్వతి పందెం పెంచింది. "నీ సేతిలో ఆసుంటే అవతలోళ్లకి ఆసుల జత పడ్డం కష్టమే, మళ్లీ పెంచీ" అనేవాడివి నువ్వు, ముక్కలు బాగోకపోయినా. ఉన్న పిక్కలన్నీ ముందుకు తోశాను.

"అన్నీ తోసీసినావేటి వదినా?" అంది పార్వతి.

"నువ్వు ఉత్తినే పెంచీదానివి కావులే" అని ఆ పందెం వదులుకుని ముక్కలు పడేసింది. అక్కడినుంచి ఆట తిరిగింది, బండి మనింట్లోనే ఉంది.

నీ ఎత్తు పిచ్చిపనని ఇరవయ్యేళ్లు వాదించాను. నీదే సరి బావా. ఒప్పుకోవలసిన బాకీ ఇవాళ్టితో తీరింది.